తలా తోకా లేని పటం

మేము ఫ్లాట్‌లోకి వచ్చి నెలలు గడిచినా హాల్లో సోఫా పైన గోడ ఖాళీగానే ఉండేది. దేవుళ్లు పూజగదిలో ఉన్నారు, పెళ్లి ఫోటో బెడ్‌రూమ్‌లో ఉంది. హాల్లో ఏం పెట్టాలో మాత్రం తేలలేదు. గృహప్రవేశానికి వచ్చిన గోడ గడియారాలే నాలుగున్నాయి. నాలుగూ మంచం కింద అట్టపెట్టెల్లో అలాగే ఉన్నాయి. నంద్యాలలో కొత్త ఇంట్లోకి దిగినవాళ్లెవరికైనా ఈ గడియారాల సంగతి నేను చెప్పక్కర్లేదు.

మా మరదలు హైదరాబాద్‌లో ఉంటుంది. దసరాకు వాళ్లింటికి వెళ్లినప్పుడు హాల్లో ఒక పెద్ద పటం చూశాం. బొమ్మ అనడానికి లేదు, అన్నీ రంగులే. దాని వల్ల గది మొత్తం ఒక తీరుగా కనిపించింది. మా ఆవిడకు నచ్చింది. తిరిగి వచ్చాక ఫోన్‌లో వెతికి అలాంటిదే ఒకటి ఆర్డర్ పెట్టాం. పేరు 'అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్ట్ ఆర్ట్ ప్రింట్', రెండడుగులు బై మూడడుగులు, నల్ల ఫ్రేము, అద్దంతో సహా 2,950 రూపాయలు. ఎవరు గీశారో రాయలేదు, ఒక నంబరు మాత్రం ఉంది. నిజం చెప్పాలంటే ఎవరు గీశారని మేమూ చూడలేదు. సోఫా రంగుకు కుదురుతుందా లేదా అని చూశాం, అంతే.

వారం తర్వాత పెట్టె వచ్చింది. పాలమీగడ రంగు మీద చీపురుతో కొట్టినట్టు లావుపాటి నల్ల చారలు, ఒక మూల ఇటుక రంగు మడ్డి, అక్కడక్కడా చిలికిన పసుపు, ఒకచోట నుంచి కారిపోయిన నీలం. తీసి సోఫాకు ఆనించి ముగ్గురం ఎదురుగా నిలబడ్డాం. అప్పుడు తెలిసింది అసలు సమస్య. వెనక కొక్కేలు రెండు వైపులా ఉన్నాయి. నిలువుగా తగిలించాలా, అడ్డంగానా? ఏది పై వైపు?

మా ఆవిడ నీలం కారిన వైపు కిందకు రావాలంది. డ్రిల్లింగ్ మిషన్ తెచ్చిన ఎలక్ట్రీషియన్ మాత్రం, "ఎర్రది కింద ఉంటే బరువుగా ఉంటాది సార్, మట్టి కదా" అన్నాడు. అతనికి అది పొలంలా కనిపించింది. నీళ్ల క్యాను వేయడానికి వచ్చిన అబ్బాయి ఒక నిమిషం చూసి, "తిరగేసి పెట్టినారు సార్" అని వెళ్లిపోయాడు. అతనికి అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

మా అబ్బాయి మన స్కూల్లోనే ఎనిమిదో తరగతి. వాడు ఏమీ అనలేదు. కాసేపు చూసి, "అవతల మూల పగిలింది నాన్నా" అని లోపలికి వెళ్లిపోయాడు. నిజమే, ఫ్రేము ఒక మూల విచ్చుకుని ఉంది. మేమిద్దరం రంగులు చూస్తూ అది గమనించనే లేదు.

వెనక్కి పంపితే ఇంకో పది రోజులు. అందుకని పటాలు కట్టే అంగడికి తీసుకుపోయాను. మా కాలంలో పెళ్లి ఫోటోలు, దేవుని పటాలు అన్నీ అక్కడే కట్టించేవాళ్లు. అంగడాయన అద్దం తీసి, కాగితాన్ని వెలుతురుకు పట్టి, సొరుగులోంచి భూతద్దం తీసి నా చేతికిచ్చాడు. "ఎంతకు తీసుకున్నారు సార్?" అన్నాడు. చెప్పాను. నవ్వలేదు, మంచి మనిషి.

భూతద్దంలో ఆ నల్ల చార నల్లగా లేదు. సన్నటి చుక్కలు, నీలం, గులాబీ, పసుపు, నలుపు. కుంచె గరుకులు, రంగు మందంగా పేరుకున్న గట్లు అన్నీ కంటికి కనిపిస్తున్నాయి. వేలితో తడిమితే మాత్రం కాగితం క్యాలెండరు లాగా నున్నగా ఉంది. అసలు బొమ్మ ఎక్కడో ఉంది. దాన్ని ఫోటో తీసి మిషన్‌లో అచ్చు వేసిన కాగితం ఇది.

ఆయన చెప్పిన రెండు మూడు మాటలు పటం కొనాలనుకునే వాళ్లెవరికైనా పనికొస్తాయి. ఎండ నేరుగా పడే గోడకు పెట్టొద్దు, మన ఎండకు చవక ఇంకు రెండు వేసవులు కూడా ఆగదు. బాత్రూమ్ అవతల ఉండే గోడ వద్దు, చెమ్మకు కాగితం ఉబ్బుతుంది. కాగితం అద్దానికి అంటుకోకుండా చుట్టూ మౌంటు అట్ట ఉండాలి. ఆ అట్ట కూడా మంచిది కాకపోతే కొన్నేళ్లకు పాత పేపరు లాగా పసుపెక్కి, ఆ మరక బొమ్మకు పాకుతుంది. మూల సరిచేసి, వెనక అట్ట మార్చి 250 రూపాయలు తీసుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ చుక్కల సంగతంతా చెప్పాను. మూడు వేలు పెట్టి క్యాలెండరు కొన్నామని నవ్వాను. మా ఆవిడా నవ్వింది. మావాడు కంచంలోంచి తల ఎత్తకుండా అడిగాడు.

"నాన్నా, నావి కేజీ ఎంతకు పోయినాయి?"

ఇక్కడ మీకు వెనక జరిగింది చెప్పాలి. చెప్పడం సులభం కాదు కానీ, చెప్పకపోతే మిగతాది రాయడంలో అర్థం లేదు.

మావాడు మూడో తరగతి నుంచీ బొమ్మలు వేసేవాడు. ఎక్కువగా చేతులు. మా ఆవిడ కూరగాయలు తరిగే చేయి, ఆటో డ్రైవర్ హ్యాండిల్ పట్టుకున్న చేయి, ఆళ్లగడ్డలో మా నాయన ఉలి పట్టుకున్న చేయి. మూడు డ్రాయింగ్ పుస్తకాలు నిండాయి. ఏడో తరగతిలో యూనిట్ టెస్టులో లెక్కల్లో 50కి 31 వచ్చాయి. నోట్సు తీసి చూస్తే మార్జిన్ల నిండా వేళ్లే. నాకు కోపం వచ్చింది. ఆదివారం డ్రాయింగ్ క్లాసు మాన్పించాను. అప్పటికి మేము సంజీవనగర్‌లో అద్దెకుండేవాళ్లం. ఆ వేసవిలో సొంత ఫ్లాట్‌కు మారేటప్పుడు సామాను సర్దుతూ పాత పేపర్ల అతన్ని పిలిచాను. న్యూస్‌పేపర్లు, అట్టపెట్టెలు, పాత టెక్స్ట్‌బుక్కులు, వాటితో పాటు ఆ మూడు డ్రాయింగ్ పుస్తకాలు. పొరపాటున వెళ్లాయని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. పొరపాటు కాదు. వాటిని చేత్తో తీసి తక్కెట్లో పెట్టింది నేనే. కేజీ పదిహేను రూపాయలు.

వాడు అప్పట్లో ఒక్కసారి అడిగాడు. "షిఫ్టింగ్‌లో ఎక్కడో పోయుంటాయిరా" అన్నాను. మళ్లీ అడగలేదు. లెక్కల్లో మార్కులు పెరిగాయి. నేను దాన్ని నా విజయం అనుకున్నాను.

ఆ రాత్రి కంచం ముందు నాకు జవాబు దొరకలేదు. మా ఆవిడ నా వైపు చూసింది. ఆమెకు అప్పటిదాకా తెలియదు. వాడు చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. తలుపు వేసుకోలేదు, ఏడవలేదు. హోంవర్క్ చేసుకున్నాడు.

పటం గోడకెక్కలేదు. ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలవబుద్ధి కాలేదు. అది సోఫా పక్కన నేల మీదే ఉండిపోయింది. రోజూ ఆఫీసు నుంచి వచ్చి షూస్ విప్పుతూ దాన్ని చూసేవాణ్ణి. విత్తనాల కంపెనీలో అకౌంట్స్ చూసే మనిషిని, అంకెల్లో కుదరని దాన్ని ఏం చేయాలో నాకు తెలియదు. ఒకరోజు చూస్తే పటం అడ్డంగా ఉంది. మర్నాడు నిలువుగా, నీలం పైకి ఉంది. మావాడే తిప్పుతున్నాడు. అడిగితే, "ఊరికే" అన్నాడు.

వాడితో మాట కలపడానికి ఒక దారి దొరికింది కదా అని నేను ఈ రకం బొమ్మల గురించి ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. చదివింది చదివినట్టు హాల్లో పైకి చెప్పేవాణ్ణి, ఎవరితో అన్నట్టు కాకుండా. రెండో ప్రపంచ యుద్ధం అయిన కాలంలో, 1940లూ 50లలో, న్యూయార్క్‌లో కొందరు పెయింటర్లు బొమ్మలో మనిషీ చెట్టూ ఇల్లూ లేకుండా, రంగూ గీతా చేయి కదలికా మాత్రమే ఉండేలా వేశారు. జాక్సన్ పొలాక్, మార్క్ రోత్కో, విలెమ్ డి కూనింగ్, ఫ్రాంజ్ క్లైన్. మా పటంలోని నల్ల చారలు ఫ్రాంజ్ క్లైన్‌ను చూసి, పసుపు చిలికింది పొలాక్‌ను చూసి వేసినవని మావాడు కనిపెట్టాడు. ఇద్దరినీ కలిపి సోఫాకు తగ్గట్టు తయారు చేశారన్నమాట. పొలాక్ క్యాన్వాస్‌ను గోడకు కాకుండా నేల మీద పరిచి, చుట్టూ నడుస్తూ, ఇళ్లకు వేసే ఎనామిల్ పెయింటును కర్రతో, ఎండిపోయిన కుంచెతో ధార కట్టించేవాడు. 1947లో ఆ పద్ధతి మొదలైంది. అమెరికా ఆదివాసులు ఇసుక రంగులతో నేల మీద బొమ్మలు వేసే పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుందని ఆయనే చెప్పుకున్నాడు.

తలకిందుల సమస్య మాకొక్కరికే కాదని కూడా అప్పుడే తెలిసింది. 1961లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో మాటిస్ వేసిన పడవ బొమ్మను 47 రోజులు తలకిందులుగా వేలాడదీశారు. అందులో పడవా ఉంది, నీళ్లలో దాని నీడా ఉంది, అయినా అంతే. చివరికి చూడటానికి వచ్చిన ఒకావిడ చెబితే సరిచేశారు. ఇది చదివినప్పుడు మావాడు చాలా రోజుల తర్వాత నవ్వాడు. "మన నీళ్ల క్యాన్ అన్నను పంపించుంటే మొదటిరోజే చెప్పేటోడు" అన్నాడు.

ఇలా వెతుకుతుండగా మనవాళ్లిద్దరు దొరికారు. ఒకరు ఎస్.వి. రామారావు. గుడివాడలో పుట్టి, మద్రాసులో చిత్రకళ చదివి, లండన్‌లోని స్లేడ్ స్కూల్‌కు వెళ్లి, తర్వాత అమెరికాలో స్థిరపడి అబ్‌స్ట్రాక్ట్ చిత్రాలే వేశారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. రెండోవారి దగ్గర మావాడు ఆగిపోయాడు. ఆయన కృష్ణారెడ్డి, 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ మీదుగా పారిస్ చేరారు. అక్కడ స్టాన్లీ విలియం హేటర్ నడిపే 'అతెలియే 17' అనే ప్రింట్ల కార్ఖానాలో పనిచేసి, తర్వాత దానికి సహ డైరెక్టర్ అయ్యారు. యుద్ధకాలంలో అదే కార్ఖానా కొన్నేళ్లు న్యూయార్క్‌లో నడిచింది. 1944–45లో పొలాక్ కూడా అక్కడ రాగి రేకుల మీద గీతలు చెక్కి ప్రింట్లు తీశాడు. అంటే ఆ పొలాక్ పనిచేసిన కార్ఖానా పారిస్‌కు తిరిగి వెళ్లాక, మన చిత్తూరు జిల్లా మనిషి దానికి పెద్ద దిక్కయ్యాడు. 1972లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు, 2018లో న్యూయార్క్‌లో పోయారు. ఇంత చదువుకున్నామనుకుంటాం, నేను ఆయన పేరు వినలేదు.

ప్రింటు అంటే ఫోటో తీసి అచ్చు వేసిందే అనుకున్నా కదా. కృష్ణారెడ్డిది అలాంటిది కాదు. ఆయన ముందు శిల్పి. లోహపు రేకును శిల్పం చెక్కినట్టు చెక్కి, దాని మీద రంగులు ఎక్కించి, ప్రెస్సులో కాగితానికి ఒత్తేవారు. అసలు బొమ్మ వేరే ఎక్కడా లేదు, ఆ కాగితమే అసలు. అలాంటి ప్రింటు కింద పెన్సిల్‌తో 7/50 లాగా రాసి ఉంటుంది. యాభై కాపీల్లో ఇది ఏడోది అని అర్థం. 1963లో ఆయన వేసిన 'వర్ల్‌పూల్' అనే సుడిగుండం ప్రింటును మావాడు ఫోన్‌లో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "అబ్బకు చూపించాలి" అన్నాడు. వాడి నోటి నుంచి ఆ మాట రాగానే ఆ ఆదివారమే బయలుదేరదీశాను.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో సుమారు గంట. ఎడమవైపు దూరంగా నల్లమల కొండలు వెంట వస్తుంటాయి. కిటికీ సీటు వాడికిచ్చాను. శిరివెళ్ల దాటాక చెప్పాను. "ఆ పుస్తకాలు పోలేదురా. నేనే వేసినా. తప్పయింది."

వాడు కిటికీ లోంచి చూస్తూనే, "తెలుసు నాన్నా. మెట్ల మీద నుంచి చూసినా" అన్నాడు.

అంటే ఇన్నాళ్లుగా వాడికి తెలుసు. నేను అబద్ధం చెప్పిన రోజు కూడా తెలుసు. ఇంకేం మాట్లాడాలో తెలియలేదు. ఆళ్లగడ్డ వచ్చేదాకా ఇద్దరం కొండలు చూశాం.

ఆళ్లగడ్డ సంగతి మన జిల్లావాళ్లకు తెలిసిందే. రోడ్డు పక్కన శిల్పశాలలు, సగం చెక్కిన ఆంజనేయస్వాములు, గుళ్లకు పోయే ధ్వజస్తంభాలు, కూడళ్లకు పోయే నాయకుల విగ్రహాలు, కట్టర్ల మోత, తెల్లటి దుమ్ము. మా నాయన నలభై ఏళ్లకు పైగా అక్కడ ఉలి పట్టాడు. ఇప్పుడు చేయి వణుకుతుంది, రాతి దుమ్ముతో ఊపిరి కూడా అంతంతమాత్రం. అయినా పొద్దున్నే తెలిసినవాళ్ల శిల్పశాలకు పోయి స్టూలు మీద కూర్చుంటాడు. పిల్లలు కొలత తప్పితే కేకలేస్తాడు. ఆయన లోకమంతా కొలతే. ముఖం పొడవు ఒక తాలం, పన్నెండు అంగుళాలు. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, విగ్రహాన్ని బట్టి మారే అంగుళం. నవతాలమంటే 108 అంగుళాలు, విష్ణువులాంటి పెద్ద దేవుళ్లకు ఉత్తమ దశతాలం, 124. రాతి మీద ముందు నిలువుగా బ్రహ్మసూత్రం గీత పడాలి. ఆ గీతకు అటూ ఇటూ ఏదీ జరగకూడదు. చివర్న కళ్లు తెరిపించాలి. అలాంటి మనిషికి ఈ పటం ఫోటో చూపిస్తే తిడతాడనే అనుకున్నాను.

ఇంట్లోకి పోగానే మావాడు ఫోన్ తీసి ముందు మా పటాన్ని చూపించాడు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

"ఏంది నాయనా ఇది, గోడకు సున్నం కొట్టేముందు గీకినారా?"

మా అమ్మ కూడా వంగి చూసింది. పొలాక్ నేల మీద వేస్తాడని, చేత్తో ధార కట్టిస్తాడని, అదీ మన ముగ్గు లాంటిదేనని మావాడు ఆమెకు చెప్పాడు. పొలాక్ వీడియో కూడా చూపించాడు. ఆమె చూసినంతసేపు చూసి, "చేయి బాగానే తిరుగుతాంది" అని ఒప్పుకుంది. తర్వాత, "నా ముగ్గుకు చుక్కల లెక్క ఉండాది. ఒక చుక్క తప్పితే ముగ్గు మూసుకోదు. వీనికేం లెక్కుంది?" అంది. మావాడి దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉందనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

తర్వాత వాడు కృష్ణారెడ్డి ప్రింటు తీశాడు. రేకు మీద వేర్వేరు లోతుల్లో చెక్కుతారని, మూడు రంగులకు నూనె వేర్వేరు పాళ్లలో కలుపుతారని, గట్టి రోలరు పైపైన తాకితే మెత్తటి రోలరు లోతుల్లోకి దిగుతుందని చెప్పుకుంటూ పోయాడు. నూనె ఎక్కువున్న పలచటి రంగు ముందు పడితే, ఆ చోట చిక్కటి రంగు అంటుకోదట. అందువల్ల ఒకే రేకు మీద రంగులన్నీ కలవకుండా ఉండి, ఒకే ఒత్తుడుకు కాగితం మీదికి వస్తాయట.

"పెనం మీద నూనె ఎక్కువైతే దోసె పిండి అంటుకోనట్ల" అంది మా అమ్మ వంటింట్లోకి పోతూ. వాడు ఇంగ్లీషులో చదివి అరగంట తంటాలు పడి అర్థం చేసుకున్నది ఆమె ఒక్క మాటలో తేల్చేసింది.

మా నాయన ఫోన్‌ను ఇంకా దగ్గరికి తీసుకున్నాడు. "అంటే లోతును బట్టి రంగు పడతాది" అన్నాడు. కాసేపాగి, "ఈయప్ప ఉలి పట్టినోడే" అన్నాడు. సుడిగుండంలో గీతలు ఎక్కడ మొదలై ఎటు లాగినాడో వేలితో చూపించాడు. ఆ వేలు వణుకుతూనే ఉంది, గీత మీద నుంచి మాత్రం జరగలేదు.

సాయంత్రం మమ్మల్నిద్దరినీ శిల్పశాలకు తీసుకుపోయాడు. షెడ్డులో గోడకు ఆనించి ఒక అమ్మవారి విగ్రహం ఉంది. నల్లరాయి, వెనక మకర తోరణంతో సహా ఒకే రాయి. ముందువైపు అద్దంలా ఉంది. మావాణ్ణి పక్కకు పిలిచి, గోడకూ విగ్రహానికీ మధ్య సందులో చేయి పెట్టి వెనకవైపు తడమమన్నాడు. వాడు తడిమాడు. నేనూ పెట్టాను. గరుకుగా, వరసలు వరసలుగా ఉలి దెబ్బలు. కొన్ని లోతుగా, కొన్ని పక్కకు వాలి.

"గర్భగుళ్లో వెనకెవరూ చూడరు. ఆడ నునుపు చెయ్యం" అన్నాడు మా నాయన. "ముందు కనపడేదంతా శాస్త్రం నాయనా. ముక్కు ఇంత, కన్ను ఇంత, నా ఇష్టం ఏమీ లేదు. వెనక మాత్రం చేయి ఎట్ల పోతే అట్ల. ఎవరి చేయో వెనక చూస్తే చెప్పొచ్చు. మీ అబ్బ చెక్కినవి నేను చీకట్లో తడిమి చెప్తా."

మావాడు మళ్లీ సందులో చేయి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

నేను ఎప్పటి నుంచో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "నాయనా, నేను చిన్నప్పుడు బొమ్మలు గీసేవాణ్ణా?"

"గీసేటోనివి. ఇంటి గోడంతా బొగ్గుతో. నేనే సున్నం కొట్టించినా." కొంచెంసేపు దగ్గాడు. "ఈ దుమ్ము నీకొద్దనుకున్నా. ఉలి కాదు, పెన్ను పట్టు అన్నా. పట్టినావు కదా."

పట్టాను. ఆ పెన్ను ఉద్యోగంతోనే ఫ్లాటు కొన్నాను, స్కూలు ఫీజు కడుతున్నాను. ఆయన చేసింది తప్పని నేను అనలేను. ఆయన ఊపిరి చప్పుడు వింటే అసలే అనలేను. మీలో చాలామంది కూడా ఇలాగే ఎవరో ఒకరు మాన్పిస్తే చదువులోకి వచ్చి ఉంటారు. నాగలి మాన్పించో, మగ్గం మాన్పించో. మనకు తెలిసిన ప్రేమ అదే. నా గోడకు సున్నం వేయించిన రోజు ఏడ్చానా అని ఆయన్ను అడగలేదు. నాకైతే గుర్తు లేదు. మా అబ్బాయికి గుర్తుంటుంది.

వచ్చేటప్పుడు మా నాయన నడుముకు కట్టుకున్న గుడ్డ సంచిలోంచి ఒక సుద్దముక్క తీసి మావాడికిచ్చాడు. రాతి మీద కొలతలు గీసే సుద్ద. ఇంకేం చెప్పలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, పెద్దగా ఏమీ జరగలేదు. డ్రాయింగ్ క్లాసుకు మళ్లీ పోతావా అంటే మావాడు వద్దన్నాడు. "అక్కడ యాపిల్ గీయమంటారు నాన్నా" అన్నాడు. కొత్త డ్రాయింగ్ పుస్తకం ఒకటి కొని టేబుల్ మీద పెట్టాను. రెండు వారాలు అలాగే ఉంది. తర్వాత ఒకరోజు అది టేబుల్ మీద లేదు. ఎక్కడుందని నేను అడగలేదు. అందులో ఏముందో నాకు తెలియదు, అడిగే హక్కు ఇంకా తిరిగి రాలేదనిపిస్తుంది. పోయిన యూనిట్ టెస్టులో లెక్కల్లో 50కి 38 వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు నోరు అదుపులో పెట్టుకోవడానికి ఎంత కష్టపడ్డానో మా ఆవిడను అడగండి.

పటం మాత్రం ఇంకా గోడకెక్కలేదు. ఎలక్ట్రీషియన్ రోడ్డు మీద కనిపించినప్పుడల్లా, "ఏది పైకో తేలిందా సార్?" అంటాడు. సోఫా పైన గోడకు ఒక్క మేకు దెబ్బ కూడా పడలేదు. నేల మీద ఉన్నందువల్ల ఇంటికొచ్చిన చిన్నపిల్లలు దాని ముందు కూర్చుని వేలు పెట్టి గీతలు దిద్దుతారు, అద్దం మీద నూనె చేతుల ముద్రలు పడతాయి, మా ఆవిడ తుడుస్తుంది. ఇంటికి వచ్చేవాళ్లు దాన్ని చూసి, "ఇంకా తగిలించలేదా?" అంటారు. మేము చూస్తున్నామంటాం.

వెనక అట్ట మీద, ఫ్రేము అంగడాయన కొత్తగా వేసిన దాని మీద, మొన్న సర్దుతుంటే సుద్దతో గీసిన గీతలు కనిపించాయి. ఒక చేయి, ఉలి పట్టుకున్నది. వేళ్లు వణుకుతున్నట్టు ఒక్కో వేలికి మూడు నాలుగు గీతలున్నాయి. చూసి పటాన్ని మళ్లీ అలాగే గోడకు ఆనించేశాను. సుద్ద తుడుచుకుపోతుందేమోనని భయమేసింది, అందుకే కాస్త ఎడంగా ఆనించాను.

ఈ ఆదివారం అడ్డంగా ఉంది, నీలం ఎడమవైపు.

— ఎనిమిదో తరగతి విద్యార్థి తండ్రి, నంద్యాల